ఊడవని జాగా

కంబాలకొండ గేటు కాణ్ణించి సెరువు దాకా
బాట ఊడవడం నా పని.
పొద్దుటేల ఆరింటికే హనుమంతవాక కాడ
లారీలు గొంతు సించుకుంటుంటాయి.
కొండ మలుపు తిరిగితే ఆ సప్పుడు సచ్చిపోద్ది.
ఇంక నా సీపురు, ఎదురాకు, అంతే.

జేష్ఠంలో తొలివాన పడ్డ వారానికి
సీపురు ఇసరబోయి ఆగిపోనాను.
ఆకుల పోగు. కిందటి వారం నేదు.
బోర్లించిన అంబలి దాకంత.
ఎండుగడ్డీ, ఎదురాకూ, ఏరుపీసూ
గాలి తెచ్చి పోసినట్టే ఉంది గానీ
గాలికి గుమ్మం పెట్టడం రాదు కదా?
పక్కన గుండ్రంగా ఓ దారి,
దాని ముందర పుల్లలు పరిసిన అరుగు,
లోపల ఓ కన్ను.

"పొన్నంకి పిట్టే అది," అన్నాడు వాచరు తవిటయ్య.
"ఆకులు తిరగెయ్యడంలో నీ కన్నా పనిమంతురాలు. ఒగ్గీ."

బయటికొచ్చినపుడు రంగులు లెక్కెట్టినాను.
ఏడు దాకా వచ్చి తప్పిపోనాను.
తోక కింద ఎరుపు మాత్రం
మా అమ్మ పాత రవికకి ఏసిన మాసికలాగుంది.
ఏది మొగుడో ఏది పెళ్లామో తెల్దు.
పొదగడానికీ వంతులే, మేతకీ వంతులే.
మసక ఏళకి రెండు ఈలలు,
ఒకటి మెట్టెక్కినట్టు, ఒకటి దిగినట్టు.
ఒక్కోసారి పోర్టులో ఓడ కూసేది దానికి బదులుగా.

కెమెరా ఏసుకొచ్చిన కాలేజీ గుంటడు సెప్పినాడు,
దేశదేశాల సదువుకున్నోళ్ళు ఈ జాతికి పేరెట్టాలంటే
మన మాటే పట్టుకెల్లారట: పిట్ట.
నవ్వొచ్చినాది.
కూలి పుస్తకంలో నా పేరే సరిగ్గా రాయరు ఈళ్ళు.

అది నేనపుడు ఒక్కసారి తొంగి సూసినాను.
ఐదు గుడ్లు. గవ్వల్లాగ మెరుపు,
సిరాపెన్ను ఇదిలించినట్టు ఊదా సుక్కలు.

అప్పుడే పెద్దాఫీసరు వస్తాడన్న కబురు.
బాట అద్దంలాగుండాలన్నాడు గార్డు దాలినాయుడు.
అంతా ఊడిసినాను. ఆ పది గజాలు తప్ప.
"ఏటి సోములమ్మా, ఈ సెత్త?"
"పాముందండి బాబూ," అనీసినాను.
పెద్దాఫీసరు బూట్లు
బాటకి ఆ పక్కనుంచి నడిసినాయి.
దాలినాయుడు సగం రోజు కూలి కోసీసినాడు.

తథాస్తు దేవతలు ఆ కొండ మీద కూడా తిరుగుతారు కాబోలు.
నాలుగో నాడు నిజంగానే వచ్చింది జెర్రిపోతు.
నాను ఎల్లేసరికి సగం ఒళ్ళు గుమ్మంలో ఉంది.
సీపురు తిరగేసి నేల మీద కొట్టినాను, అరిసినాను,
నా అరుపుకి నాకే భయమేసినాది.
అది తాపీగా ఎదుర్లోకి ఎల్లిపోనాది.
గుడ్లు మూడున్నాయి.
ఆ రాత్రి ముద్ద దిగనేదు.
నా నోటి మాటే పాకెల్లి మింగీసినట్టు.

పిట్టలు మాత్రం తెల్లారేసరికి మళ్ళీ పనిలో ఉన్నాయి.
ఆషాఢం మొదట్లో మూడు ఎర్ర నోళ్ళు తెరుసుకున్నాయి.
వానపాములు ముక్కు నిండా, మీసాల్లాగ యేలాడుతూ
తెచ్చేవి, కుక్కేవి,
పిల్లల రెట్టని తెల్ల సంచిలాగ కరిసి
దూరంగా పారేసి వచ్చేవి.
ఓలమ్మా, ఈళ్ళదీ నా పనే!

ఒకనాడు ఎల్లేసరికి గూడు సల్లగా ఉంది.
ఎటెల్లినాయో నాకు సెప్పి ఎల్తాయేటి?

శ్రావణం వానలకి పైకప్పు కూలింది.
గుమ్మమేదో గోడేదో తెల్దు, ఒట్టి ఆకులే.
అయినా సీపురు ఆడనేదు మూడునాళ్ళు.
నాలుగోనాడు ఊడిసినాను.
సీపురు పుల్లల మద్దిన గోరంత పెంకు,
దాని మీద ఒకే ఊదా సుక్క.
కొంగున ముడేసినాను.

ఆ సగం రోజు కూలి
దాలినాయుడు ఇంకా ఇయ్యనేదు.